పెద్దమామయ్యగారి పళ్ళసెట్టు

మా మరదలి పెళ్ళిచూపులు మా ఇంట్లోనే జరిగాయి. మా ఇంట్లోనే ఎందుకంటే అదో పెద్ద కథ. అందులో నీళ్ళ ట్యాంకరు, చెడిపోయిన లిఫ్టు, మా మామగారి పంతం అన్నీ ఉన్నాయి. వదిలేద్దాం. అంతకుముందే నేను ఆన్‌లైన్లో ఒక అల్ట్రాసోనిక్ క్లీనరు తెప్పించాను. కళ్ళజోళ్ళు, గొలుసులు, వాచీ పట్టీలు కడిగే చిన్న స్టీలు తొట్టి అది. ఎందుకు తెప్పించానో మా ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది, అదీ వదిలేద్దాం. పదకొండింటికి వస్తామన్న పెళ్ళివారు పదింటికే కాలింగ్ బెల్ కొట్టారు. ఆ సమయానికి మా పెద్దమామయ్యగారి పళ్ళసెట్టు హాల్లో, ఆ తొట్టిలో, సబ్బునీళ్ళలో ఉంది.

పెద్దమామయ్యగారంటే మా ఆవిడ పెదనాన్న. ఆ ఇంట్లో ఏ సంబంధమైనా ఆయన నోటి మీదుగానే కుదరాలి. ముహూర్తాలు, లాంఛనాలు, అవతలివాళ్ళ మేనత్తకి ఎవరితో మాటల్లేవో ఆరా తియ్యడం, అన్నీ ఆయన పనే. మిగతావాళ్ళం తలలూపడానికి ఉంటాం.

పొద్దున నేను కళ్ళజోడు కడుగుతుంటే ఆయన చూశారు. ముక్కు మీద ఆనే చోటి నుంచి మురికి పొగలా లేచి నీళ్ళలో కలుస్తుంటే ఆయనకు ముచ్చటేసింది. "అల్లుడుగారూ, ఇది పళ్ళకి పనికొస్తుందా?" అన్నారు. డబ్బా మీద పళ్ళసెట్టు బొమ్మ అంత లావున ఉంటే లేదని ఎలా అంటాను? బుట్టలో పెట్టాలండీ, అడుగుకి తగలకూడదు అన్నాను. "అంత దూరాన కూర్చోబెడితే ఏం కడుగుతుంది?" అని బుట్ట తీసి పక్కన పెట్టేశారు. 180 సెకన్లు చాలన్నాను. "డబ్బు పోసి కొన్నాక తక్కువ నొక్కడం దేనికి?" అని ఆఖరి అంకెదాకా నొక్కుకుంటూ పోయారు. 480. అంటే ఎనిమిది నిమిషాలు. నొక్కింది తడిచేత్తో.

అప్పుడే బెల్లు మోగింది.

నేను ఆఫ్ నొక్కాను. తడిసిన ఆ టచ్ ప్యానెల్ నన్ను గుర్తుపట్టలేదు. తువ్వాలుతో తుడిచి నొక్కాను. 451 అంది. బతిమాలుతూ నొక్కాను. 450 అంది. ఇక ప్లగ్గు పీకడమే దారి. ప్లగ్గేమో దివాన్ కాట్ వెనకాల ఉంది. నేను అటు తిరిగేలోపే పెళ్ళికొడుకు నాయనమ్మగారు అందరికంటే ముందు లోపలికొచ్చి, అమ్మయ్య అంటూ ఆ దివాన్ మీదే కూర్చున్నారు. "మోకాళ్ళండీ, కూర్చుంటే మళ్ళీ లేపడం కష్టం" అని వాళ్ళబ్బాయి మాకందరికీ వివరించాడు. సంబంధం కోసం వచ్చిన పెద్దావిడను "కాస్త లేస్తారా, మీ వెనక ప్లగ్గుంది" అని అడగగల ధైర్యం ఎవరికైనా ఉంటే చెప్పండి, ఈసారి వాళ్ళను పిలుస్తాను.

పెళ్ళికొడుకు తండ్రి చేతులు జోడించి, "పెద్దాయన మీరేనన్నమాట! మాటకారి అని మధ్యవర్తి ఒకటే చెప్పాడు" అన్నారు. పెద్దమామయ్యగారు పెదవులు బిగించి, ఎంతో హుందాగా తలూపారు. వాళ్ళు ప్రయాణం గురించి చెప్పారు. తలూపారు. ఎండల గురించి అడిగారు. తలూపారు. "మీకేమైనా అభ్యంతరాలా?" అన్నారు. అలవాటులో దానికీ తలూపారు.

తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తొట్టి గీపెడుతోంది. అది సెకనుకు 40 వేల సార్లు కంపిస్తుంది, మనిషి చెవి 20 వేల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ కంపనం మనకు వినపడదు. కానీ దానివల్ల తొట్టీ మూతా చేసే గోల బ్రహ్మాండంగా వినపడుతుంది. బుట్ట లేకుండా పళ్ళు నేరుగా స్టీలు మీద కూర్చుంటే మరీను.

"ఏమిటండీ ఆ చప్పుడు?" అన్నారు పెళ్ళికొడుకు తండ్రి.

ఎవరూ పలకలేదు. మాట్లాడాల్సినాయన మాట్లాడే స్థితిలో లేరు. అందుకని నేను అందుకున్నాను. మా ఆవిడ కళ్ళతో వద్దంది. అయినా చెప్పాను. 1880లో క్యూరీ అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని కనిపెట్టారండీ, కరెంటిస్తే అవి కంపిస్తాయి కూడా, అలాంటి బిళ్ళే ఈ తొట్టి అడుగున అతికించి ఉంటుంది అన్నాను. 370. ఆ అదురుకి నీళ్ళలో కంటికి కనపడనంత బుడగలు పుట్టి ఠప్పున కూలిపోతాయి, ఆ దెబ్బకే మురికి ఊడుతుంది అన్నాను. 340. ఓడల పంకాలు కూడా ఇలాంటి బుడగల వల్లే గుంటలు పడతాయి, బుడగ కూలేటప్పుడు పుట్టే ఒత్తిడి ఎంతో లార్డ్ రేలీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1917లోనే లెక్క కట్టాడు అన్నాను. పెళ్ళికొడుకు ఫోన్ జేబులో పెట్టి వినడం మొదలెట్టాడు. ఇంజనీరు. నాకు ఉత్సాహం వచ్చింది.

"మెషీను బాగా పనిచేస్తోందో లేదో చూడాలంటే అల్యూమినియం ఫాయిల్ ముక్క ఇందులో వేలాడదీస్తే చాలు. కాసేపటికి చిల్లులు చిల్లులైపోతుంది" అన్నాను.

పెద్దమామయ్యగారు ఒక్క ఉదుటున లేచారు. మూత లాగి తొట్టిలో చెయ్యి పెట్టబోయారు. నడుస్తున్న తొట్టిలో వేళ్ళు పెట్టకూడదని మెషీనుతో వచ్చిన పుస్తకంలో పుర్రె బొమ్మ ఒక్కటే తక్కువ. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన నా చొక్కా పట్టుకున్నారు. పెళ్ళివారి ఎదుట, జీడిపప్పు పళ్ళెం పక్కన, డెబ్భై దాటిన మనిషితో నేను కుస్తీ పడుతున్నాను. అప్పుడు ఆ ఇంటి మాటకారి ఆ రోజు మొదటి మాట మాట్లాడారు:

"ఫల్లు! నా ఫల్లు!"

అందరూ తొట్టిలోకి తొంగిచూశారు. పైవరస, కిందవరస, నురగలో నెమ్మదిగా జరుగుతూ. 262.

ఇక్కడ పెళ్ళికొడుకు తండ్రి పెద్దమనిషి తరహా చూపించారని ఒప్పుకోవాలి. మా ఇబ్బంది కప్పిపుచ్చడానికి నవ్వి, తన ఉంగరాలు రెండూ తీసి, "అయితే వీటినీ వెయ్యండి, మురికిపట్టాయి" అన్నారు. ఒకటి పగడం, ఒకటి పచ్చ. వెయ్యకూడదండీ అన్నాను. ముత్యం, పగడం మెత్తటివి, పాడైపోతాయి. పచ్చల్లో సహజంగానే పగుళ్ళుంటాయి కాబట్టి చాలావాటికి నూనె పట్టించి అమ్ముతారు, ఈ అదురుకి నూనె బయటికొచ్చేసి పగుళ్ళు కనపడతాయి అన్నాను.

"అంటే మాది పగిలిన పచ్చంటారా?"

కాదండీ, పచ్చలన్నీ అంతే అన్నాను. "పళ్ళు పడతాయి గానీ మా ఉంగరాలు పట్టవన్నమాట" అని వాటిని మళ్ళీ తొడుక్కున్నారు. అంతకు ముందురోజే మా అత్తగారి లక్క నింపిన కెంపుల హారాన్ని ఇదే తొట్టిలో పడకుండా అడ్డుకున్నది నేనే. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

అమ్మాయి వచ్చింది, వెళ్ళింది. బజ్జీలు చల్లారాయి. పళ్ళు మాత్రం తళతళలాడుతున్నాయి, ఒక్క చిల్లు లేదు. ఫాయిల్ అంటే పలచటి రేకు కాబట్టి చిల్లులు పడతాయని, పళ్ళసెట్టుకి అలా కాదని చెప్పే వ్యవధి నాకెవరిచ్చారు?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అరగంట సంగీతం వినిపించి, ప్యానెల్‌కి నీళ్ళు తగిలితే వారంటీ వర్తించదన్నారు. నీళ్ళు పోసి వాడే మెషీను బాబూ అది అన్నాను. పుస్తకం చదవండి సార్ అన్నాడు. పుస్తకం ఏవేవో దేశాల భాషల్లో ఉంది, తెలుగు తప్ప. ఆ తర్వాత నా అనుభవానికి ఎన్ని నక్షత్రాలిస్తానని మెసేజ్ వచ్చింది.

పెళ్ళివారు ఆలోచించుకుని చెబుతామన్నారు. తాను మాట్లాడి ఉంటే అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకునేవాళ్ళమని పెద్దమామయ్యగారు చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెబుతున్నారు. ఎందుకు మాట్లాడలేదో మాత్రం చెప్పడం లేదు.