గోత్రాలు వేరే, ఇంకేం కావాలి?

మొన్న న్యూజెర్సీలో మన తెలుగువాళ్ల ఉగాది వేడుకలో స్టేజీ పక్కన పసుపు అట్ట పట్టుకుని నిలబడింది నేనే. 'ఒక్క నిమిషం' అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసిన అట్ట. పంచాంగ శ్రవణం పావుగంట ఎక్కువ నడిచినా ఎత్తలేదు, పంతులుగారికి టైము చూపించే ధైర్యం ఎవరికుంది? పిల్లల డాన్సులకీ ఎత్తలేదు, తల్లులు ఊరుకోరు. జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిని మాత్రం 20 నిమిషాలని చెప్పి పిలిచి, 7వ నిమిషానికే అట్ట ఎత్తేశాను. కమిటీ పెద్దాయన సైగ చేశారు మరి. ఆయనే మైకు అందుకుని, "పండగ పూట రోగాల గోల ఎందుకమ్మా, పులిహోర చల్లారిపోతోంది" అన్నారు. పులిహోర చల్లారితేనే రుచి, అది వేరే సంగతి. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ అమ్మాయి చెప్పబోయింది మన గురించే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణాసియాలో 263 సమూహాల డీఎన్‌ఏ పరిశీలిస్తే, 81 సమూహాల మూలాలు బాగా కొద్దిమంది పూర్వీకుల దగ్గరే తేలాయి. ఇలాంటి వాటికి ఉదాహరణగా డాక్టర్లు ఎప్పుడూ చెప్పే అష్కెనాజీ యూదులు, ఫిన్లాండ్ వాళ్ల కన్నా కూడా ఎక్కువగా. ఆ 81లో 14 సమూహాల జనాభా 10 లక్షలు దాటుతుంది. ఇంతమంది ఉన్నాం కదా, రక్తం బాగానే కలిసి ఉంటుందనుకుంటాం. కలవలేదు. ఆ కొద్దిమందిలో దాగిన లోపాలు మనలో మనకే తిరుగుతున్నాయి. 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల క్రితం దాకా ఆ నేల మీద అందరూ అందరితో కలిశారనీ, తర్వాతే ఎవరి గిరి వాళ్లు గీసుకున్నారనీ అంతకు ముందు 2013లోనే తేలింది.

ఆ గిరుల్లో మాది ఒకటి. మేము కోమట్లం.

1996లో మా అన్నయ్యకి అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. చిన్న ఆపరేషనే, గంటలో అయిపోయింది. అన్నయ్య మాత్రం తనంతట తాను ఊపిరి తీసుకోలేదు. తెల్లవారేదాకా ఒకరు మార్చి ఒకరు రబ్బరు సంచి నొక్కుతూనే ఉన్నారు. వరండాలో బల్ల మీద అమ్మ వాసవీ అమ్మవారికి మొక్కుకుంటూ కూర్చుంది. పొద్దున నోరు పెగిలాక అన్నయ్య మొదట అన్నమాట నాకిప్పటికీ ఒళ్లు జలదరించేలా చేస్తుంది: "మీ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయే. వేలు కూడా కదల్లేదు."

ఇంటికొచ్చాక అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. మత్తు ఎక్కువైందని అందరం డాక్టర్ని తిట్టుకున్నాం. నాయనమ్మ మాత్రం తలుపు దగ్గరగా వేసి, "ఈ సంగతి బయట పొక్కనివ్వకండి, పిల్లకి సంబంధాలు చూస్తున్నాం" అంది.

ఆ పిల్లని నేనే.

అది డాక్టరు తప్పు కాదని చాలా ఏళ్లకి తెలిసింది. గొంతులో ఊపిరి గొట్టం వేసే ముందు కండరాలు వదులవడానికి ఇచ్చే స్కోలిన్ అనే మందుని రక్తంలోని ఒక ఎంజైము నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైము లేనివాళ్లకి గంటలు పడుతుంది. ఆ లోపం మా వైశ్యుల్లో మిగతావాళ్ల కన్నా దాదాపు 100 రెట్లు ఎక్కువ. తెలిసిన మత్తు డాక్టర్లు ముందే అడుగుతారు. ఓ రక్త పరీక్షతో తెలుస్తుంది, వేరే మందు వాడతారు. అంతే.

ఇంత తెలిసీ, ఇక్కడ న్యూజెర్సీలో నా ఆపరేషన్‌కి ముందు ఇచ్చిన కాగితంలో 'మీ కుటుంబంలో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా' అన్న చోట నేను 'లేదు' అని టిక్కు పెట్టాను. చెయ్యి దానంతట అదే పెట్టేసింది. నాయనమ్మ పోయి 20 ఏళ్లయినా ఆవిడ మాట నా చేతిలో ఉంది.

నా పెళ్లి మేనరికం కాదు, గోత్రాలు వేరే, ఇంకేం కావాలని నాన్న గర్వంగా చెప్పేవారు. మా 102 గోత్రాలూ నాకు కంఠతా రాకపోయినా వాటి మీద ప్రేమ ఉంది. కానీ లెక్క చూడండి. 7 తరాలు వెనక్కి వెళ్తే ఒక్కొక్కరికి 128 మంది. గోత్రం వాళ్లలో ఒక్కరినే పట్టుకుంటుంది. అమ్మమ్మ, ఆవిడ అమ్మ ఎక్కడినుంచి వచ్చారో దానికి పట్టదు. 2025లో 2,762 మంది భారతీయుల జన్యుపటాలు చదివిన పరిశోధన వచ్చింది. వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఆ జాబితాలోనే కనీసం ఒక చుట్టం తేలారు. పెళ్లి సంబంధాల కోసం పెట్టే మన పరిచయ వేదికలో కులానికో బల్ల వేస్తాం కదా, ఆ బల్లల దగ్గర ఏం తేలుతుందో మీరే ఊహించుకోండి.

ఆ ఉగాది రోజు పార్కింగ్‌లో ఒక తల్లి నాతో అన్నది కూడా కొట్టిపారేయలేను. "పేరు పక్కన జబ్బు రాస్తే మా పిల్లని ఎవరు చేసుకుంటారండీ?" నిజమే, ఎంజైము లేదని పెళ్లి మానుకోవడం శుద్ధ మూర్ఖత్వం. అన్నయ్యకి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ గుండ్రాయిల్లా ఉన్నారు. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉంటే ప్రతి కాన్పులో నాలుగో వంతు ప్రమాదం ఉన్న పెద్ద జబ్బుల సంగతి వేరు. దానికీ దారి ఉంది, మన పక్కనే బ్రూక్లిన్‌లో ఉంది. పసిపిల్లల నరాల్ని దెబ్బతీసే టే-శాక్స్ జబ్బుతో నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు, 1983లో దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టారు. పరీక్ష చేసి నంబరు ఇస్తారు, ఫలితం చెప్పరు. సంబంధం అనుకున్నప్పుడు రెండు నంబర్లూ చెబితే, కుదురుతుందో కుదరదో అంతే చెబుతారు. ఏ పిల్ల మీదా ముద్ర పడదు. మన దగ్గర దాగిన జన్యు మార్పుల్లో ఇంకా ఎన్నో తెలియవు, వాళ్ల పద్ధతిని రేపే దించుకోలేం. కానీ మాట్లాడుకోవడానికైనా చోటుండాలి కదండీ.

మా అబ్బాయికి ముద్దపప్పు ఆవకాయ గురించి విడమరచి చెప్పక్కర్లేని పిల్ల దొరికితే బాగుండునని నాకూ ఉంది. పరిచయ వేదిక ఎత్తేయమనను. దాని పక్కన ఆ జన్యుశాస్త్రం అమ్మాయికి ఒక బల్ల వెయ్యండి. జాతకాలు చూసే పంతులుగారి దగ్గరికి వెళ్లేవాళ్లు దారిలో ఆ అమ్మాయి దగ్గరా ఒక్కసారి ఆగుతారు.

పోయిన వారం ఆ అమ్మాయికి క్షమాపణ చెబుతూ మెసేజ్ పెట్టాను. "పర్లేదు ఆంటీ, ఈసారి ఎన్ని నిమిషాలు?" అని జవాబిచ్చింది. కమిటీకి 40 అని రాశాను. ఇంకా ఏమీ చెప్పలేదు.