బదిలీ సైనికుడిది, మళ్లీ మొదటికొచ్చేది బిడ్డ

అమెరికా సైన్యంలో ఉద్యోగమంటే రెండు మూడేళ్లకోసారి బదిలీ మామూలే. దాంతో సైనికుల పిల్లల్లో ఎక్కువ మంది కిండర్‌గార్టెన్‌ నుంచి పన్నెండో తరగతి దాటేలోపు ఆరు నుంచి తొమ్మిది విద్యావ్యవస్థలు చూసేస్తారని అక్కడి రక్షణ శాఖ విద్యా విభాగమే చెబుతోంది. దేశం ఒక్కటే అయినా స్కూళ్ల నిబంధనలు ఏ రాష్ట్రానికా రాష్ట్రానివే. ఇక్కడ పాసైతే చాలనుకున్న సబ్జెక్టు అక్కడ లెక్కలోకే రాదు.

ఈ చిక్కు తీర్చడానికి రాష్ట్రాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. 2008 జులైలో పది రాష్ట్రాలతో అమల్లోకి వచ్చిన ఈ ఒప్పందంలో ఇప్పుడు 50 రాష్ట్రాలూ, రాజధాని వాషింగ్టన్‌ కూడా ఉన్నాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడలేం. కొత్త ఊళ్లో దిగిన తల్లి పాత స్కూల్లో ఇచ్చిన రికార్డుల కాపీ పట్టుకుని ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడితే, అసలు రికార్డులు వచ్చాక రమ్మని తిప్పి పంపకూడదు. ఆ కాపీ చూసే పిల్లవాణ్ని క్లాసులో కూర్చోబెట్టాలి. అసలు రికార్డులను పాత స్కూలు పది రోజుల్లో పంపాలి. ఆ రాష్ట్రం అడిగే టీకా ఏదైనా తక్కువైతే వేయించుకోవడానికి 30 రోజుల గడువుంటుంది.

పన్నెండో తరగతి మధ్యలో బదిలీ అయిన పిల్లల సంగతి ఇంకా సున్నితం. ఉదాహరణకు, కొత్త రాష్ట్రంలో పట్టా కావాలంటే ఆ రాష్ట్ర చరిత్ర తప్పనిసరిగా చదివి ఉండాలనుకుందాం. పాత చోట అలాంటి కోర్సు చదివినవాళ్లను మళ్లీ కూర్చోబెట్టకుండా మినహాయించాలని ఒప్పందం చెబుతుంది. అలా కుదరకపోతే, పాత స్కూలు పెట్టిన షరతులు పూర్తిచేసిన విద్యార్థికి ఆ పాత స్కూలే పట్టా ఇచ్చే దారి కూడా ఉంది. నాన్నకో అమ్మకో బదిలీ అయినందుకు బిడ్డకు ఏడాది పోకూడదు. ఆ మాటను చట్టంలో రాయించగలగడం చిన్న విజయం కాదు.

ఆటలు, సంగీతం, క్లబ్బుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇదే ఒప్పందం గొంతు తగ్గుతుంది. దరఖాస్తు గడువు దాటినా అర్హత ఉన్న పిల్లలు పాల్గొనేందుకు వీలు కల్పించాలంటుందే తప్ప జట్టులో చోటుకు హామీ లేదు. పదిహేనేళ్ల వయసులో స్నేహితులు దొరికేది ఎక్కువగా అక్కడే. సెలక్షన్స్ అయిపోయాక వచ్చిన కుర్రాడు ఆ సీజనంతా గట్టు మీద కూర్చుంటాడు.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు జరుగుతోంది. ఆటిజం ఉన్న బిడ్డకు పాత స్కూల్లో వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉంటే, కొత్త స్కూలు మొదట్లో దానికి సరిసమానమైన సేవలే ఇవ్వాలి. తర్వాత మళ్లీ అంచనా వేయొచ్చు. అర్హత కొలమానాలు రాష్ట్రానికో రకం కాబట్టి, నిన్నటిదాకా అందిన స్పీచ్ థెరపీ గంటలు రేపు తగ్గవచ్చు. స్కూలు దాటి బయటికొస్తే పరిస్థితి ఇంకా ఘోరం. పేదలకు, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్. దాని కింద ఇంట్లో సహాయకులను, దీర్ఘకాల సేవలను అందించే ప్రత్యేక పథకాలైన వెయివర్లు ఒక్కో రాష్ట్రానివి ఒక్కోలా ఉంటాయి. చాలాచోట్ల వెయిటింగ్ లిస్టు ఏళ్ల తరబడి సాగుతుంది. మూడేళ్లు క్యూలో నిలబడి, వంతు దగ్గర పడుతుండగా బదిలీ ఆర్డరు వస్తే కొత్త రాష్ట్రంలో క్యూ చివరికి వెళ్లి నిలబడాల్సిందే. అక్కడా మూడేళ్లే ఉంటే? ఆ బిడ్డ చిన్నతనం మొత్తం లైన్లోనే గడిచిపోతుంది. సొంత రాష్ట్రం జాబితాలో చోటు కోల్పోకుండా కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి, మంచిదే. కానీ సేవలు కావాల్సింది బిడ్డ ఇప్పుడు ఉంటున్న ఊళ్లో కదా!

పసిపిల్లల సంరక్షణదీ దాదాపు ఇదే కథ. 1989లో వచ్చిన చట్టం సైనిక శిశు సంరక్షణ కేంద్రాల నాణ్యత పెంచింది, ఫీజును కుటుంబ ఆదాయానికి ముడిపెట్టింది. కానీ చాలా స్థావరాల్లో సీటు కోసం వెయిటింగ్ తప్పదు. సీటు దొరికేదాకా తల్లిదండ్రుల్లో ఒకరు, ఎక్కువగా తల్లే, ఉద్యోగం వెతుక్కోకుండా ఇంట్లో ఉండిపోతారు. ఒక జీతం తగ్గితే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి రాష్ట్రాలు ఇప్పుడు చేయాల్సింది మరో అవగాహన కార్యక్రమం కాదు. మార్కుల రికార్డులు బిడ్డ వెంట వెళ్లినట్టే, వెయివర్ల వెయిటింగ్ లిస్టులో పేరు నమోదైన తేదీ కూడా వెంట వెళ్లాలి. వర్జీనియాలో 2022లో చేరిన పేరు టెక్సాస్‌ జాబితాలోనూ 2022 తేదీతోనే ఉండాలి. దీనివల్ల అక్కడ ముందునుంచీ క్యూలో ఉన్న స్థానిక పిల్లలకు అన్యాయం జరుగుతుందని ఎవరైనా అనొచ్చు. ఆ అభ్యంతరంలో నిజముంది. అందుకే అదనపు సీట్ల ఖర్చు ఫెడరల్ ప్రభుత్వం భరించాలి. సైనిక స్థావరాల భూములపై పన్ను రాక నష్టపోయే స్కూలు జిల్లాలకు ఫెడరల్ ప్రభుత్వం 1950 నుంచే ఇంపాక్ట్ ఎయిడ్ ఇస్తోంది. అదే సూత్రాన్ని వెయివర్లకు వర్తింపజేయడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కర్లేదు, బడ్జెట్‌లో ఒక పద్దు చాలు. బదిలీ ఆర్డరు మీద సంతకం పెట్టేది ఆ ప్రభుత్వమే మరి.