పెరటి చెట్టుకు మొదటి చెక్కు

“మీ ప్రొడక్ట్ మాకు బాగా నచ్చింది. లీడ్ ఇన్వెస్టర్, అంటే ముందుండి పెట్టుబడి పెట్టేవాళ్ళు, ఎవరైనా ఖాయమైతే చెప్పండి, మేమూ కలుస్తాం.”

పెట్టుబడి కోసం తిరిగిన ఏ ఫౌండర్‌ని అడిగినా ఈ మాట కంఠతా వచ్చు. వినడానికి మర్యాదగానే ఉంటుంది. అసలు అర్థం వేరు: మా బుర్రతో మేం తేల్చుకోలేం, ఇంకెవరైనా తేలిస్తే వాళ్ళ వెనక నడుస్తాం. పెట్టుబడి సంస్థలు గుమిగూడిన పెద్ద కేంద్రాల్లోని పెద్ద ఫండ్లు ఇలా అంటే సరిపెట్టుకోవచ్చు. ఆ కంపెనీ ఏ మూల ఉందో, దాన్ని నడిపేవాళ్ళు ఎలాంటివాళ్ళో వాళ్ళకేం తెలుసు? కానీ ‘ఈ ప్రాంతంలో పుట్టే స్టార్టప్‌ల కోసమే మేం పుట్టాం’ అని బోర్డు కట్టుకున్న ప్రాంతీయ వెంచర్ క్యాపిటల్ సంస్థ, అంటే కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టే సంస్థ, కూడా ఇదే పాట పాడితే? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊళ్ళోవాళ్ళు అనుకోవడం మామూలే. పెరటి వైద్యుడే అలా అనుకుంటే ఇక వైద్యం ఎందుకు? మొదటి చెక్కు రాయని ప్రాంతీయ ఫండ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇది అభిమానంతోనో ఆవేశంతోనో అంటున్న మాట కాదు. లెక్క ప్రకారమే అంటున్నాను.

తొలిదశ కంపెనీ దగ్గర చూడ్డానికి ఏముంటుంది? ఆదాయం ఉండదు. కస్టమర్లు ఒకరో ఇద్దరో, వాళ్ళూ మొహమాటానికి వాడుతున్నవాళ్ళు. ఉన్నది ఇద్దరు ముగ్గురు మనుషులు, సగం పనిచేసే ఒక డెమో. ఈ స్థితిలో పనికొచ్చే సమాచారం ఏ ఎక్సెల్ షీట్‌లోనూ దొరకదు. ఈ మనిషి పాత ఉద్యోగం వదిలేస్తే కింద పనిచేసినవాళ్ళు ఎందరు వెంట వచ్చారు? ప్రొఫెసర్‌ని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి జవాబిచ్చారా, వెంటనే ఇచ్చారా? మొదటి కస్టమర్ డబ్బు కట్టింది అవసరం కొద్దీనా, స్నేహం కొద్దీనా? ఇవి దగ్గరున్నవాడికి రెండు ఫోన్లలో తెలిసిపోతాయి. దూరంగా ఉన్నవాడికి రెండు నెలలు తిరిగినా తెలియవు.

ఇప్పుడు గడియారాన్ని రెండేళ్ళు ముందుకు తిప్పండి. కంపెనీ నిలదొక్కుకుంది. నెలవారీ ఆదాయం, ఎంతమంది కస్టమర్లు మానేస్తున్నారు, ఒక్కో కస్టమర్‌ని తెచ్చుకోవడానికి ఎంత ఖర్చవుతోంది, అన్నీ అంకెల్లో ఉన్నాయి. ఆ అంకెలు నిమిషంలో భూగోళంలో ఏ మూలకైనా వెళ్తాయి. ఆ నిమిషంతో ప్రాంతీయ ఫండ్‌కున్న ఒకే ఒక్క ఆధిక్యం ఆవిరైపోతుంది. ఇక మిగిలేది ఎవరి పేరు పెద్దది, ఎవరి చెక్కు పెద్దది అన్న పోటీ. ఆ పోటీలో ప్రాంతీయ ఫండ్ ఓడిపోతుంది. ఓడిపోతే అదృష్టమే. పెద్దవాళ్ళు చూసి వద్దనుకున్న కంపెనీ చేతికొచ్చి ‘గెలిచాం’ అనుకుంటేనే అసలు ప్రమాదం. అంకెలు వచ్చేదాకా ఆగుదాం అనే జాగ్రత్తలో జాగ్రత్త ఏమీ లేదు. తనకు తెలిసిన ఆటను వదులుకుని, తెలియని ఆటలోకి ఆలస్యంగా దిగడమే అది.

దగ్గరితనం విలువను పరిశోధకులు కొలిచారు కూడా. కంపెనీ ఆఫీసుకు అయిదు మైళ్ళ లోపు ఆఫీసున్న వెంచర్ సంస్థ, 500 మైళ్ళకు అవతల ఉన్న సంస్థతో పోలిస్తే ఆ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో కూర్చునే అవకాశం రెట్టింపని జాష్ లెర్నర్ 1995లోనే చూపించారు. అంతకంటే సొగసైన పరిశోధన 2016లో బెర్న్‌స్టీన్, జిరూ, టౌన్‌సెండ్ ప్రచురించినది. వెంచర్ సంస్థ ఊరికీ, అది ముందే పెట్టుబడి పెట్టిన కంపెనీ ఊరికీ మధ్య కొత్తగా నేరు విమానం పడితే ఏమవుతుందని వాళ్ళు చూశారు. కంపెనీ అదే, ఇన్వెస్టర్ అదే, మారింది ప్రయాణ సమయం ఒక్కటే. కంపెనీల పేటెంట్లు పెరిగాయి, ఆ పేటెంట్ల నాణ్యత పెరిగింది, స్టాక్ మార్కెట్ దాకా వెళ్ళే అవకాశాలూ పెరిగాయి. కొన్ని గంటల ప్రయాణం తగ్గితేనే ఇంత తేడా ఉంటే, అసలు ప్రయాణమే అక్కర్లేనివాడు చేతులు కట్టుకుని కూర్చోవడాన్ని ఏమనాలి?

ప్రాంతీయం అనగానే రెండో రకం అన్న చిన్నచూపు ఒకటుంది. చరిత్ర తెలియక వచ్చిన చూపు అది. ఆధునిక వెంచర్ క్యాపిటల్ పుట్టిందే ఒక ప్రాంతం బాధలోంచి. అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్‌లో బట్టల మిల్లులు చితికిపోతున్న రోజుల్లో, 1946లో, ఎంఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్, బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు సారథ్యం చేసిన రాల్ఫ్ ఫ్లాండర్స్, హార్వర్డ్ ప్రొఫెసర్ జార్జ్ డోరియో కలిసి అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ అనే సంస్థ పెట్టారు. ప్రయోగశాలల్లో పడి ఉన్న విజ్ఞానం కంపెనీలుగా మారితే ఆ ప్రాంతానికి మళ్ళీ ఊపిరి వస్తుందన్నది వాళ్ళ ఆశ. 1957లో ఆ సంస్థ ఇద్దరు ఇంజనీర్లకు 70 వేల డాలర్లు ఇచ్చింది. కెన్ ఓల్సెన్, హార్లాన్ ఆండర్సన్ అనే ఆ ఇద్దరూ ఎంఐటీ లింకన్ ప్రయోగశాల నుంచి వచ్చినవాళ్ళే, అంటే పెరటి చెట్లే. వాళ్ళు పెట్టిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఆ 70 వేలకు దక్కిన వాటా విలువ తర్వాతి కాలంలో 35 కోట్ల డాలర్లు దాటింది. ఆ కంపెనీ అద్దెకు దిగింది ఎక్కడో తెలుసా? మేనార్డ్ అనే చిన్న ఊళ్ళో, ఒక పాత ఉన్ని మిల్లులో. ‘లీడ్ ఎవరైనా వస్తే చెప్పండి’ అనడానికి డోరియోకు అప్పుడు ఎవరూ లేరు. వెనక నడుద్దామంటే ముందు నడిచేవాడు ఉండాలి కదా.

అంతదాకా ఎందుకు, సిలికాన్ వ్యాలీ కూడా అప్పటికి పండ్ల తోటలున్న ఒక ప్రాంతమే. న్యూయార్క్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసుకునే ఆర్థర్ రాక్ 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోకు మకాం మార్చాడు. డబ్బు ఉన్నచోటికి ఇంజనీర్లు రావాలని ఆయన పట్టుబట్టలేదు, ఇంజనీర్లున్న చోటికి ఆయనే వెళ్ళాడు.

ఇటీవలి ఉదాహరణ కావాలంటే యూఐపాత్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ. 2005లో రుమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో, డెస్క్‌ఓవర్ అనే మరో పేరుతో మొదలైంది. పదేళ్ళ పాటు దాన్ని పెద్ద ఇన్వెస్టర్లెవరూ పట్టించుకోలేదు. 2015లో వచ్చిన సీడ్ రౌండ్, అంటే తొలి విడత పెట్టుబడి, మొత్తం 16 లక్షల డాలర్లు. అందులో ఉన్నవాళ్ళలో ఒకటి క్రెడో వెంచర్స్, ప్రాగ్ కేంద్రంగా మధ్య యూరప్‌లో తొలిదశ కంపెనీలను వెతుక్కునే ప్రాంతీయ సంస్థ. సిలికాన్ వ్యాలీలో ఘనచరిత్ర ఉన్న యాక్సెల్ 2017లో 3 కోట్ల డాలర్ల రౌండ్‌తో వచ్చింది. 2021 ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయిన మొదటి రోజు ముగిసేసరికి కంపెనీ విలువ 3,500 కోట్ల డాలర్లు దాటింది. (తర్వాత షేరు బాగా పడిపోయింది, అది వేరే కథ.) సీడ్ రౌండ్‌కూ యాక్సెల్ రాకకూ మధ్య ఉన్న ఆ రెండేళ్ళలోనే ప్రాంతీయ ఫండ్ బతుకంతా ఉంది.

ఇలాంటి ఏనుగులు అందరికీ దొరకవు అంటారు. దొరకనక్కర్లేదు. చిన్న ఫండ్ అందం అక్కడే ఉంది. 3 కోట్ల డాలర్ల ఫండ్ ఒకటి అనుకుందాం. నిర్వహణ రుసుము ఏటా 2 శాతం చొప్పున పదేళ్ళకు 60 లక్షలు పోతే చేతిలో మిగిలేది 2 కోట్ల 40 లక్షలు. అందులో సగం తర్వాతి రౌండ్ల కోసం దాచి, మిగతా సగాన్ని 24 కంపెనీల్లో తలా 5 లక్షలు పెట్టారు, ఒక్కోదాంట్లో 10 శాతం వాటా వచ్చింది. రౌండ్లు గడిచేకొద్దీ కొత్త ఇన్వెస్టర్లు చేరి వాటా కరిగి 6 శాతానికి దిగుతుందనుకుందాం. ఆ 24లో ఒకే ఒక్క కంపెనీ 50 కోట్ల డాలర్లకు అమ్ముడుపోతే చాలు, ఫండ్ మొత్తం 3 కోట్లూ తిరిగి వచ్చేసినట్టే. మిగిలిన 23లో ఏది పండినా లాభమే. అదే 6 శాతం వాటాతో 100 కోట్ల డాలర్ల ఫండ్ తన డబ్బు రాబట్టుకోవాలంటే కంపెనీ 1,600 కోట్లకు పైగా పలకాలి. అందుకే 50 కోట్ల కంపెనీని చూసి పెద్ద ఫండ్ ఆవలిస్తుంది. చిన్న ఫండ్‌కు అదే పండగ. అమెరికాలోనే ఇండియానాపొలిస్‌లో పుట్టిన ఎగ్జాక్ట్‌టార్గెట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని 2013లో సేల్స్‌ఫోర్స్ 250 కోట్ల డాలర్లకు, ఆన్ ఆర్బర్‌లోని డ్యుయో సెక్యూరిటీని 2018లో సిస్కో 235 కోట్లకు కొన్నాయి. వంద కోట్ల డాలర్ల కంపెనీ (యూనికార్న్) కావాలన్న జపం వదిలేస్తే, కేంద్రాలకు దూరంగా ఉన్న ఊళ్ళలో ఇంతకంటే చిన్న ఎగ్జిట్లు, అంటే వాటా అమ్ముకుని బయటపడే అవకాశాలు, కూడా ఇలాంటి ఫండ్ నిలవడానికి సరిపోతాయి. ఒక్కటే షరతు: ముందు చేరాలి, వాటా చవగ్గా ఉన్నప్పుడే చేరాలి. మూడో రౌండ్‌లో వచ్చి అర శాతం పట్టుకుంటే ఈ లెక్క ఎన్నటికీ తేలదు.

అవతలి పక్షం వాదనా ఉంది. కేంద్రాల్లో ఉన్న వెంచర్ సంస్థలే మంచి ఫలితాలు సాధిస్తున్నాయని, మంచి ఫౌండర్లు ఎలాగూ అక్కడికే వలసపోతారని, ప్రాంతం గీతలు గీసుకుంటే మిగిలేది తాలే అని వాళ్ళంటారు. మొదటి మాట నిజమే. చెన్, గొంపర్స్, కొవ్‌నర్, లెర్నర్‌ల 2010 పరిశోధన అదే తేల్చింది. కానీ ఆ పరిశోధనను చివరిదాకా చదవాలి. కేంద్రాల్లోని సంస్థల ఆధిక్యమంతా తమ గుమ్మం ముందున్న కంపెనీల నుంచి రాలేదు, దూరపు కంపెనీల నుంచి వచ్చింది. అంటే ఎవరి పెరట్లోనో ఉన్న చెట్టును ఎక్కడివాడో వచ్చి గుర్తుపట్టి కాయలు కోసుకెళ్ళాడు. దీన్ని నా వాదనకు జవాబు అనుకునేవాళ్ళకు నమస్కారం.

ఇంత తేటగా లాభం కనబడుతున్నా ప్రాంతీయ ఫండ్ మేనేజర్ ఎందుకు నలుగురితో నారాయణ అంటాడు? వాళ్ళను తెలివితక్కువవాళ్ళు అనుకుంటే పొరపాటు. తప్పు మనిషిలో లేదు, అతన్ని ప్రశ్నించే తీరులో ఉంది. ప్రాంతీయ ఫండ్లలో డబ్బు తరచుగా ప్రభుత్వానిది, పింఛను నిధులది, విశ్వవిద్యాలయాలది. పెట్టిన చోట పోగొట్టుకుంటే ఎందుకు పెట్టావని అడుగుతారు, ఫైలు తెరుస్తారు. పెట్టాల్సిన చోట పెట్టకుండా పోగొట్టుకుంటే అడిగేవాడే లేడు, దానికి ఫైలే ఉండదు. అలాంటప్పుడు ‘ఫలానా పెద్ద సంస్థే పెట్టింది, అందుకే మేమూ పెట్టాం’ అన్నదాన్ని మించిన రక్షణ ఇంకోటి లేదు. బయటివాడి ముద్ర కోసం కాచుక్కూర్చోవడం భయమే, కానీ చాలా తెలివైన భయం.

నాకు పాత కోపమున్న విషయం ఇది, వెంచర్ క్యాపిటల్‌తో ఆగదు. అప్పివ్వని బ్యాంకు మేనేజర్‌కు శిక్ష లేదు, మొండిబాకీ పడినవాడికి ఉంది. విఫలమైన ప్రయోగానికి సంజాయిషీ ఉంది, అసలు జరగని ప్రయోగానికి లేదు. చేసిన తప్పునే తప్పంటాం, చేయని తప్పుకు వివేకం అని పేరు పెడతాం. సంస్థలన్నీ ఆ గుణపాఠం నేర్చుకుని కూర్చున్నాయి.

ఈ తూకం మారితే ఏమవుతుందో రెండుసార్లు కళ్ళారా చూశాం. అమెరికాలో పింఛను నిధుల ధర్మకర్తలు వివేకంతో నడుచుకోవాలని 1974 చట్టం చెప్పింది. ప్రతి పెట్టుబడినీ విడివిడిగా తూచి తప్పుపడతారేమోనని వాళ్ళు వెంచర్ ఫండ్లను దగ్గరికి రానివ్వలేదు. 1979లో కార్మిక శాఖ ఒక వివరణ ఇచ్చింది: చూడాల్సింది ఒక్కో పెట్టుబడిని కాదు, మొత్తం పెట్టుబడుల సమాహారాన్ని. చట్టం మారలేదు, చదివే పద్ధతి మారింది. ఆ తర్వాతి దశాబ్దంలో వెంచర్ ఫండ్లకు పింఛను డబ్బు వరదలా వచ్చింది.

రెండోది ఇజ్రాయెల్. అక్కడి ప్రభుత్వం 1992లో ఇన్‌బాల్ అనే పథకం పెట్టింది. స్టాక్ మార్కెట్లో లిస్టయిన వెంచర్ ఫండ్లకు పెట్టుబడిలో 70 శాతానికి హామీ, నష్టపోతే మేం చూసుకుంటాం అని. అది నీరుగారిపోయింది. మరుసటి ఏడు యోజ్మా వచ్చింది. 10 కోట్ల డాలర్లు, పది ఫండ్లు, ఒక్కోదాంట్లో ప్రభుత్వానిది 40 శాతం. నష్టానికి హామీ ఏమీ లేదు. దానికి బదులు, అయిదేళ్ళలోపు ప్రభుత్వ వాటాను అసలుకు వడ్డీ కలిపి ప్రైవేటు భాగస్వాములే కొనేసుకోవచ్చన్నారు. పండితే పంటంతా వాళ్ళదే. పదింటిలో ఎనిమిది ఫండ్లు ఆ అవకాశాన్ని వాడుకున్నాయి. విదేశీ భాగస్వామి తప్పనిసరి అన్న షరతు యోజ్మాలో ఉంది కాబట్టి అదీ బయటి ముద్రే కదా అని ఎవరైనా అనొచ్చు. భాగస్వామి బయటివాడే, కానీ ఏ కంపెనీకి చెక్కు రాయాలో తేల్చిన ఫండ్ ఆఫీసు అక్కడే ఉంది. నేను అడుగుతున్నదీ అంతే.

కాబట్టి ప్రాంతీయ ఫండ్లలో డబ్బు పెట్టే ప్రభుత్వాలూ పింఛను నిధులూ ఏటా తెప్పించుకునే నివేదికలో రెండు గడులు చేర్చాలి. మీరు పెట్టుబడి పెట్టిన కంపెనీల్లో బయటినుంచి మొదటి చెక్కు మీదైనవి ఎన్ని? మీ గడప దాకా వచ్చి మీరు కాదన్నాక మూడేళ్ళలో ఇంకొకరి డబ్బుతో ఎదిగినవి ఎన్ని? రెండో గడి ఖాళీగా వదిలేసిన ఫండ్‌కు తర్వాతి విడత డబ్బు ఆపేయాలి.