స్ట్రాంగ్ కాఫీ కార్డియో

నెల్లూరు వీఆర్‌సీ గ్రౌండ్‌కు పొద్దున్నే వాకింగ్‌కని వచ్చే పెద్దమనుషులు ఈ మధ్య వ్యాయామ శాస్త్రాన్ని కొత్త మలుపు తిప్పారు. నడవడం మానేశారు. వ్యాయామమంటే గుండె వేగం పెరగడమే కదా, ఆ పని కాఫీ చేసిపెడుతుంటే మధ్యలో కాళ్లెందుకన్నది వాళ్ల వాదన. కాదనడానికి మనమెవరం? వాళ్ల చేతులకు గుండె వేగం చూపించే వాచీలున్నాయి.

నా కడుపుమంటంతా ఆ వాచీల మీదే. ఒక్కో వాచీ వెనక అమెరికాలో ఒక్కో కొడుకు ఉంటాడు. నాన్నకు దగ్గరుండి సేవ చేయలేక వాచీ పంపిస్తాడు. దాని బాధ మనం పడాలి.

కాఫీ బండి దగ్గర రోజూ సభే. అధ్యక్షులు ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు. గ్లాసు అందుకోగానే చొక్కా చెయ్యి పైకి లాగి "82" అని ప్రకటిస్తారు. ఒక గుక్క. "86." సభలో హర్షం. రెండో గుక్కకు 84కి దిగితే బండి కుర్రాణ్ణి నిలదీస్తారు: "ఏందబ్బయ్యా, డికాషన్ పల్చన చేశావా ఈరోజు?" వాడు నోరెత్తకుండా ఇంకాస్త పోస్తాడు. పక్కాయన వాచీ 110 చూపించేసరికి ఆ అక్కసుకే అధ్యక్షుల వారిది 90 దాటుతుంది. మొన్నొకాయనకు ఏకంగా 140 వచ్చింది. చప్పట్లు కొట్టి, ఆయన కాఫీ డబ్బులు కూడా వీళ్లే ఇచ్చారు. తీరా చూస్తే పట్టీ వదులై వాచీ మణికట్టు ఎముక మీద ఊగుతోంది. చర్మం కింద రక్తం కదలికను పచ్చలైటు వేసి లెక్కగట్టే యంత్రమది. పట్టీ బిగుతుగా లేకపోతే నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికుంది?

అసలు మొదటి గుక్కకే అంకె కదలడం వైద్య చరిత్రలోనే వింత. కెఫీన్ రక్తంలో పూర్తిగా చేరడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పైగా ఏళ్ల తరబడి కాఫీ తాగే ఒంటికి దాంతో గుండె వేగం పెద్దగా మారదు. కెఫీన్ చేసే పని వేరు. అలసట కబురు మెదడుకు చేరవేసే అడెనోసిన్ అనే పదార్థం ఒకటుంది. అది కూర్చోవాల్సిన చోట, ఆత్మకూరు బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టినట్టు, కెఫీన్ ముందే కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, మనకు తెలియదంతే. వ్యాయామం చేసేటప్పుడూ అదే కథ. ఒకే వేగంతో పరుగెత్తే మనిషికి కెఫీన్ వల్ల గుండె లెక్క పెద్దగా పెరగదు. రక్తపోటు కాస్త పెరుగుతుంది, కష్టం తేలిగ్గా అనిపిస్తుంది, ఇంకాసేపు పరుగెత్తగలుగుతాడు. అందుకే ఒకప్పుడు క్రీడాకారులకు దీని మీద పరిమితి ఉండేది. 2004లో నిషేధ జాబితాలోంచి తీసేశారు. అయితే వాళ్లు తాగాక పరుగెత్తుతారు. ఆ చిన్న వివరం మన గ్రౌండ్ దాకా రాలేదు.

ఇక రోహిణి కార్తె ఎండలో ఎవరైనా పొరపాటున ఒక రౌండు నడిస్తే గుండె వేగం ఎటూ పెరుగుతుంది. ఒంటిని చల్లబరచడానికి రక్తాన్ని చర్మానికి తోలాలి కదా. ఆ ఘనత కూడా కాఫీ ఖాతాలోకే.

పెద్దాయనల సంగతి సరే, తాగేది రెండు గ్లాసులు. జిమ్‌లో చెంచాలతో కెఫీన్ పొడి పోసేవాడి సంగతేంది? ఊళ్లో ఒక జిమ్‌లో కళ్లారా చూశాను. ఇంటర్ చదివే పిల్లాడు, యాభై కిలోలుంటాడేమో. ట్రైనర్ ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి, నిండు చెంచా పొడి నీళ్లలో కలిపి తాగించాడు. పక్కనున్న తొంభై కిలోల మనిషికీ అదే చెంచా. కాసేపటికి పిల్లాడు "అన్నా, గుండె దడదడమంటా ఉంది" అన్నాడు. "పవర్ ఎక్కిందిరా, ఇంకో సెట్ వెయ్!"

పవరా? చేతులు వణుకుతుంటే పవరా? ప్రయోగాల్లో సైతం ఒంటి బరువు చూసి, కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. నీ చెంచాకు ఏ లెక్కుంది? మోతాదు మించితే గుండె లయ తప్పుతుందని తెలుసా? వాడి గుండెలో పుట్టుకతో ఏ లోపముందో ఎప్పుడన్నా అడిగావా? సాయంత్రం ఏడింటికి నువ్వు పోసిందాంట్లో అర్ధరాత్రికి కూడా దాదాపు సగం వాడి ఒంట్లోనే తిరుగుతుంటుంది. తెల్లారి వాడు క్లాసులో నిద్రపోతే లెక్చరర్ చేత తిట్లు తినేది వాడు, నువ్వు కాదు. అంగట్లో అమ్మే ఎనర్జీ డ్రింకులోనే లీటరుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ ఉండకూడదనీ, పిల్లలకు తగదని డబ్బా మీద రాయాలనీ నిబంధన ఉంది. నీ డబ్బా మీద ఏం రాసుందో చూపించమంటే "ఫారిన్ సరుకు సార్" అని నవ్వుతావా?

జిమ్‌కు ఫీజు కట్టే తల్లిదండ్రులు ఒక పని చేయండి. ఆ డబ్బా మీది లేబుల్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. పెట్టడు. లేబులుంటే కదా!