సవరణ: ఓమ్నిబుక్ 300లో విండోస్ ఉండేది రోమ్ (ROM) కార్డులో

నా కలెక్షన్‌లోని హెచ్‌పీ ఓమ్నిబుక్ 300 అనే చిన్న ల్యాప్‌టాప్ గురించి మొన్న పెట్టిన పోస్టులో, విండోస్ 3.1 హార్డ్ డిస్క్‌లో ఉంటుందని ఉంది. అది సరికాదు. విండోస్, వర్డ్, ఎక్సెల్ మూడూ రోమ్ కార్డులోనే, అంటే చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని మెమరీ కార్డులోనే ఉంటాయి. 1993లో ఇది మామూలు విషయం కాదు. 40 ఎంబీ డిస్క్ బదులు 10 ఎంబీ ఫ్లాష్ కార్డు ఉన్న మోడల్‌తోనూ ఆఫీసు పని నడిచిందంటే కారణం ఇదే.

బరువు దాదాపు 1.3 కిలోలు. అవసరమైతే నాలుగు ఏఏ సెల్స్‌తోనూ నడుస్తుంది. కుడిపక్కన మీట నొక్కితే బుల్లి మౌస్ బయటికొస్తుంది, సన్నటి ప్లాస్టిక్ పట్టీకి అంటిపెట్టుకుని. ఒళ్లో పెట్టుకున్నా హాయిగా వాడొచ్చు, బల్లతో పనిలేదు.

పాతది కొనాలనుకునేవాళ్లు డిస్క్ సంగతి తర్వాత, ముందు ఆ రోమ్ కార్డు ఉందో లేదో చూసుకోండి.