గడ్డం నాది, గార ఆమెది

తిరుపతిలో పుట్టినవాడికి ఉచితం అనే మాట కొత్త కాదు. కొండ మీద గుండు ఉచితం, అన్నప్రసాదం ఉచితం, దర్శనం అయ్యాక చేతిలో పెట్టే చిన్న లడ్డు 2020 నుంచి ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సు కూడా ఉచితమే. ఇన్నిటి మధ్య పెరిగినందువల్ల కాబోలు, నాలుగో నెలలో మా ఆవిడ బ్రష్ చేసుకుంటుంటే వాష్‌బేసిన్‌లో రక్తం కనబడినప్పుడు, కడుపుతో ఉన్నవాళ్ళకు పళ్ళు శుభ్రం చేయడం కూడా ఎక్కడో ఒకచోట ఉచితంగా ఉండే ఉంటుందనుకున్నాను. ఆ అత్యాశకు ఈ వ్యాసం నా సంజాయిషీ.

ప్రతి నెలా 9వ తారీఖున గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అది. మంచి పథకం, నేను వంక పెట్టను. బరువు చూశారు, బీపీ చూశారు, రక్తం తీశారు, మూత్రం అడిగారు. అన్నీ అయ్యాక నేను వినయంగా అడిగాను: "సిస్టర్, పండ్ల సంగతి ఏమన్నా చూస్తారా?" మా సీమలో పళ్ళను పండ్లనే అంటాం. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది: "రోజుకొక అరటిపండు, ఒక జామకాయ తినిపించండి." తప్పు ఆమెది కాదు, మా భాషది.

ఇంటికొచ్చి తల్లీబిడ్డల కార్డు ముందూ వెనకా తిరగేశాను. పళ్ళకు గడి కనబడలేదు. అప్పుడు నాకు విధానం అర్థమైంది. ప్రభుత్వ లెక్కలో గర్భిణికి పొట్ట ఉంది, రక్తం ఉంది, బీపీ పట్టీ చుట్టడానికి చెయ్యి ఉంది. నోరు మాత్రం ఆమె శరీరంలో భాగం కాదు. అది ఐరన్ మాత్ర, అంగన్‌వాడీ గుడ్డు లోపలికి పోవడానికి పెట్టిన గుమ్మం. గుమ్మానికి వైద్యమేమిటి, పసుపు రాస్తే చాలదా? 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కాన్పు, మందులు, భోజనం, బండి అన్నీ ఉచితమంది. బిడ్డ బయటికొచ్చే దారికి అంత ఏర్పాటు చేశాక, అన్నం లోపలికి పోయే దారి గురించి గొణగడం కృతఘ్నతే.

పోనీ డబ్బు పెట్టి చేయిద్దామని బయల్దేరాం. ప్రసూతి డాక్టరమ్మ "హార్మోన్ల వల్ల మామూలే, పళ్ళ డాక్టర్ని అడగండి" అన్నారు. పళ్ళ డాక్టరు "ముందు మీ గైనిక్ దగ్గర లెటర్ తెండి" అన్నారు. "ఇంత చిన్నదానికి లెటరా?" అని ఆవిడ నవ్వారు. "లెటర్ లేకపోతే కాన్పయ్యాక రండి, రిస్క్ ఎందుకు" అని ఈయన మాస్కు పెట్టుకున్నారు. ఈ రెండు క్లినిక్‌ల మధ్య ఆటోకు పెట్టిన డబ్బుతో ఒక పన్ను వరకైనా శుభ్రం అయ్యుండేది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే స్పష్టంగా చెప్పింది: గర్భంతో ఉన్నప్పుడు పళ్ళు శుభ్రం చేయించుకోవచ్చు, అవసరమైతే మత్తు సూదీ, ఎక్స్‌రే కూడా ఫర్వాలేదు అని. వీటికోసం డాక్టరు కుర్చీలో కూర్చోవడానికి వీలైన కాలం నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు. గర్భిణుల్లో నూటికి 60 నుంచి 75 మందికి చిగుళ్ళు వాచి రక్తం కారుతుందని లెక్క. నూటికి అరవై మంది అంటే ఎన్నికల్లో ఘనవిజయం. ఇక్కడ మాత్రం "మామూలే".

ఇంట్లో మా అమ్మది ఇంకా పెద్ద సిద్ధాంతం. "గార తీస్తే పండ్లు నిలుస్తాయా? గోడకు గార పీకి చూడు, ఏమైతుందో!" కొట్టిపారేయడానికి లేదు. పక్కనే చంద్రగిరిలో రాజమహల్‌ని కలప లేకుండా రాయి, ఇటుక, సున్నపు గారతో కట్టారు, వందల ఏళ్ళుగా నిలబడే ఉంది. కాకపోతే పంటి గార రాళ్ళను అతికించదు. చిగురుకూ పంటికీ మధ్య దూరి, రెంటినీ విడదీస్తుంది. తీసేశాక ఆ సందు బయటపడుతుంది, అంతే. ఇది చెబితే అమ్మ నోరు తెరిచి చూపించింది. నలుగురు బిడ్డలకు నాలుగు పళ్ళు పోయాయట. "నీది ఇది" అని కింది దవడలో ఖాళీని వేలితో తాకింది. కడుపులో బిడ్డ తల్లి పళ్ళలోంచి సున్నం లాక్కోడనీ, తిండిలో చాలకపోతే ఎముకల నుంచి తీసుకుంటాడనీ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నా మీద ఒక పన్ను అప్పు ఉన్నప్పుడు శాస్త్రం మాట్లాడడం మర్యాద కాదు.

పైగా నేనూ వ్రతంలోనే ఉన్నాను. భార్య కడుపుతో ఉంటే భర్త గడ్డం తీయకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు. కాబట్టి మా ఇంట్లో సమానత్వం ఉంది. నా గడ్డానికీ ఆమె గారకూ ఒకటే ముహూర్తం, కాన్పు తర్వాతే. తేడా ఒక్కటే. నా గడ్డంలోంచి రక్తం కారదు.

ఇంగ్లండులో ఉన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి, అక్కడ కడుపుతో ఉన్నంతకాలం, కాన్పయ్యాక ఏడాది వరకు ప్రభుత్వ పళ్ళ వైద్యం ఉచితమంది. నేను కుళ్ళుకునేలోపే తను మరో మాట చెప్పింది. కొత్త పేషెంట్లను చేర్చుకునే ప్రభుత్వ పళ్ళ డాక్టరు దొరకలేదట. కార్డు చేతిలో పెట్టుకుని ఊళ్ళు తిరుగుతోందట. నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళకు ఉచితం ఉంది, డాక్టరు లేడు. మాకు సందుకొక పళ్ళ డాక్టరు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ పళ్ళ విభాగం ఉంటుంది, అటు పొమ్మని గర్భిణికి ఒక చీటీ రాసిచ్చే చెయ్యే లేదు.

అందుకే ప్రభుత్వాన్ని అడగడం మానేసి, మన ఊరి పద్ధతిలో ఆలోచించాను. కొండ మీద తలనీలాలు ఉచితంగా ఎందుకు తీస్తారు? మొక్కు ఉంది కనుక, తీసిన వెంట్రుకలకు ఈ-వేలంలో ఏటా వంద కోట్ల పైమాటే వస్తుంది కనుక. పంటి గారకు మొక్కూ లేదు, వేలమూ లేదు. ఎవరైనా పుణ్యాత్ముడు గారను దేనికైనా వాడే ఉపాయం కనిపెడితే, మరుసటి నెల 9వ తారీఖుకల్లా కార్డులో గడి వస్తుంది.

సీమంతంలో ముత్తైదువలు వరసగా తీపి తినిపించారు, ఏ ఒక్కరూ నోరు కడుక్కోమనలేదు. ఆ మర్నాడు, ఐదో నెలలో, లెటర్ అడగని ఒక డాక్టరమ్మ దొరికింది. అరగంట పట్టింది, తొమ్మిది వందలైంది. వాంతయిన వెంటనే బ్రష్ చేయవద్దనీ, కాస్త వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించమనీ కూడా చెప్పింది. ఇంటికొచ్చాక అమ్మ కోడల్ని వెలుతుర్లో నిలబెట్టి, నోరు తెరిపించి, ఒక్కొక్క పన్నూ లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. రెండుసార్లు కదిపి చూసింది.

రాత్రి నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగింది: "ఒరే, నేను కడుపుతో లేను కదా. నాకు చేస్తుందా ఆయమ్మ?"