ముందు మ్యూజియం, తర్వాత మురుగు

ఊరు పాడైపోతోందని బెంగపడే పెద్దలకు శుభవార్త. దీనికి మందు 1997లోనే స్పెయిన్‌లో దొరికింది. బిల్బావోలో ఓడల యార్డులు మూతపడ్డాయి, 1983 వరదలో పాతబస్తీ మునిగింది, నది నల్లబడింది. అప్పుడు ఆ నది ఒడ్డునే ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ చేత గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కట్టించారు. ఒళ్లంతా టైటానియం రేకులు. ఒక్కోటీ అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు, మన ఇంట్లో టిఫిన్ పళ్లెమే నయం. గుమ్మం ముందు పూలమొక్కలతో చేసిన 12 మీటర్ల కుక్క బొమ్మ కాపలా. జనం విమానాలెక్కి వచ్చిపడ్డారు, ఊరు బాగుపడింది.

గిట్టనివాళ్లు ఊరుకుంటారా? నదిలో కలిసే మురుగును పట్టి శుద్ధిచేసే పని అక్కడ 1980లలోనే మొదలైందని, దానికైన ఖర్చు మ్యూజియం ఖర్చుకు ఎన్నో రెట్లని, మెట్రో కూడా 1995లోనే వచ్చిందని లెక్కలు తీస్తారు. లెక్కలు నిజమే. కానీ మురుగు పైపు పక్కన ఎవరైనా సెల్ఫీ దిగుతారా? శిలాఫలకం ఎక్కడ పెట్టాలి, మ్యాన్‌హోల్ మూత మీదా?

అంతటితో ఆగరు. అదే స్పెయిన్‌లో శాంటియాగో డి కంపోస్టెలా వాళ్లు కొండను తవ్వి ‘సంస్కృతి నగరం’ అనే భవనాల సముదాయం మొదలుపెట్టారని, ఖర్చు అనుకున్నదానికి రెట్టింపు దాటాక 2013లో రెండు భవనాలు మిగిలుండగానే చేతులెత్తేశారని చెప్పి, పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత అందుకుంటారు. నన్నడిగితే వాళ్ల లోపమల్లా ఒక్కటే. కొండెక్కారు, నది ఒడ్డు చూసుకోలేదు.

హైదరాబాద్‌కు ఆ కొరత లేదు. మూసీ ఉంది. వరద కూడా 1908లోనే వచ్చి వెళ్లింది. ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం 1968 నుంచీ ఉంది. పన్నెండు కావస్తుంటే అందులోని బొమ్మల గడియారం ముందు పిల్లల్ని భుజాలకెత్తుకుని జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి, పన్నెండు దెబ్బలు కొట్టి, లోపలికి పోతుంది. బయటికొచ్చి మూసీ మీది నయాపూల్ వంతెన ఎక్కితే మళ్లీ ఊపిరి బిగబట్టాల్సిందే, ఈసారి టికెట్ లేకుండా.

మ్యూజియం, నది, వరద అన్నీ కుదిరాయి, ఇక కావాల్సింది టైటానియమే. టెండరులో మాత్రం ఒక షరతు మరిచిపోకండి: నది వైపు కిటికీలు తెరుచుకోకూడదు.